మహేంద్రగిరి: శిఖరం ఒడిశాలో, నీడ సిక్కోలులో

పలాస దాటి ఇచ్ఛాపురం వైపు వెళ్లే రైల్లో ఎడమ పక్క కిటికీ దొరికినవాళ్లు అదృష్టవంతులు. మందస రోడ్, బారువ, సోంపేట స్టేషన్లు ఒకదాని వెనక ఒకటి వస్తుంటాయి. కొబ్బరి తోటలు, జీడిమామిడి తోపులు వెనక్కి పరుగెడుతుంటాయి కానీ వాటికి అవతల నీలంగా కనిపించే కొండల వరుస మాత్రం చాలాసేపు రైలును వదలదు. ఆ వరుసలో అన్నిటికన్నా ఎత్తుగా, వానాకాలమైతే సగం రోజులు తల మబ్బుల్లో దాచుకుని ఉండేది మహేంద్రగిరి. ఎత్తు 1,501 మీటర్లు. కుడి పక్క కూర్చున్నవాళ్లకు కొబ్బరి చెట్ల అవతల కొద్ది కిలోమీటర్ల దూరంలోనే బంగాళాఖాతం ఉంటుంది. అంత ఎత్తు కొండకూ సముద్రానికీ మధ్య ఇక్కడ నేల ఓ పాతిక కిలోమీటర్లకు మించి లేదు.

శిఖరం ఉన్నది ఒడిశాలోని గజపతి జిల్లాలో. పొద్దున లేవగానే దాని మొహం చూసేది మాత్రం సిక్కోలు, అంటే శ్రీకాకుళం జిల్లా మందస, సోంపేట, మెళియాపుట్టి మండలాల జనం. కొండ మీద వాన పడితే వీళ్ల ఏళ్లు పొంగుతాయి. వీళ్ల చరిత్ర పుస్తకంలో మొదటి పేజీలు కూడా ఆ కొండ మీదే రాసి ఉన్నాయి. మ్యాపులో గీసిన గీతను పక్కనపెట్టి చూస్తే, ఉత్తరాంధ్రను అర్థం చేసుకోవడానికి ఇంతకన్నా మంచి కొండ లేదు.

ముందు రాయి సంగతి. కొండలన్నీ ఒకేలా పుట్టవు, ఒకేలా అరిగిపోవు. దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ వెనక ఉన్న టేబుల్ మౌంటెన్ ప్రపంచ ప్రసిద్ధం. సుమారు 1,085 మీటర్ల ఎత్తు, పైన బల్లపరుపు, అంచులు నిట్టనిలువు. అది ఇసుకరాయి కొండ. నీళ్ల అడుగున పొర మీద పొరగా పేరుకున్న ఇసుక గట్టిపడి రాయైంది. ఆ పొరలు పెద్దగా మడతపడకుండా దొంతరగా పేర్చిన అట్లలాగే ఉండిపోయాయి. అందుకే పై పొర గట్టిగా నిలిచినంతకాలం కొండ నెత్తి చదునుగా ఉంటుంది. పక్కలు మాత్రం పగుళ్ల వెంట విరిగిపడుతుంటాయి. అలాంటి దృశ్యం మనకూ ఉంది. రాయలసీమలో గండికోట దగ్గర పెన్న కోసిన లోయ అంచున నిలబడితే పలకలు పలకలుగా పేర్చిన రాయి కనిపిస్తుంది. తిరుమల కొండ అంచుల్లో నిలువుగా తెగిన రాతిగోడలూ ఆ కోవలోవే. ఘాట్ రోడ్డు పక్కన పాత శిలల మీద కొత్త పొరలు కూర్చున్న చోటును జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా గుర్తించారు కూడా.

మహేంద్రగిరి కథ వేరు. ఇక్కడి రాయీ చాలావరకు ఒకప్పటి ఇసుకా బురదా మట్టే. కాకపోతే అది పొరలుగా ఉండిపోయే భాగ్యానికి నోచుకోలేదు. భూఖండాలు ఢీకొన్నప్పుడు ఆ మట్టిపొరలన్నీ పాతిక ముప్ఫై కిలోమీటర్ల లోతుకు కూరుకుపోయాయి. అక్కడి వేడి కొన్నిచోట్ల 900 డిగ్రీల సెల్సియస్ పైచిలుకు. ఆ వేడికీ ఒత్తిడికీ ఇసుకా బంకమన్నూ తమ రూపం పోగొట్టుకుని కొత్త ఖనిజాలుగా మారాయి. ఎర్రటి గార్నెట్, తెల్లటి సూదుల్లాంటి సిల్లిమనైట్, అక్కడక్కడా నల్లటి గ్రాఫైట్. ఇలా తయారైన రాయిని ఖొండలైట్ అంటారు. 1902లో టి.ఎల్. వాకర్ అనే భూవిజ్ఞాని కలహండి సంస్థానంలో సర్వే చేస్తూ, ఆ కొండల్లో ఉండే ఖోండు గిరిజనుల మీదుగా ఆ పేరు పెట్టాడు. ప్రపంచంలో ఎక్కడ ఈ రకం రాయి దొరికినా శాస్త్రవేత్తలు ఇప్పుడు ఆ గిరిజనుల పేరే పలుకుతారు.

దీనికి తోడుగా తూర్పు కనుమల్లో కనిపించే రెండో రాయి చార్నకైట్. ముదురు రంగు, జిడ్డు మెరుపు, ఉలికి లొంగని గట్టిదనం దాని లక్షణాలు. దాని పేరు వెనక ఒక సమాధి కథ ఉంది. కలకత్తా నగరానికి పునాది వేసిన ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా చెప్పుకునే జాబ్ చార్నక్ సమాధి మీద పరిచిన రాయిని చూసి టి.హెచ్. హాలండ్ అనే భూవిజ్ఞాని దానికి ఆయన పేరే పెట్టాడు. ఆ రాయి మద్రాసు దగ్గరి కొండల నుంచి వెళ్లింది. ఒక రాయికి కొండజనం పేరు, ఇంకోదానికి దొర పేరు. రెండూ ఒకే కనుమల్లో పక్కపక్కనే ఉంటాయి.

ఈ రాళ్లు ఉడికింది సుమారు 90 నుంచి 100 కోట్ల ఏళ్ల క్రితం. అదే వయసు, అదే తీరు రాళ్లు ఇప్పుడు ఎక్కడున్నాయో తెలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. తూర్పు అంటార్కిటికాలో మంచు కింద నుంచి బయటపడ్డ రేనర్ శిలాసముదాయం మన తూర్పు కనుమలకు తోబుట్టువు. అప్పట్లో రెండూ ఒకే పర్వతశ్రేణిలో భాగం. సుమారు 13 కోట్ల ఏళ్ల క్రితం భూఖండం చీలి అంటార్కిటికా దక్షిణానికి జరిగిపోయింది. ఆ చీలిన అంచే మన తూర్పు తీరం. సముద్రం కొండల కాళ్ల దగ్గరిదాకా వచ్చి ఆగడానికి కారణం అదే. బారువ తీరంలో నిలబడి ఒకవైపు అలల్నీ ఇంకోవైపు మహేంద్రగిరినీ చూస్తున్న మనిషి, నిజానికి విడిపోయిన ఒక ఖండం తెగిన అంచును చూస్తున్నట్టు.

మడతలుపడి ఉడికిన రాయి కాబట్టి మహేంద్రగిరికి టేబుల్ మౌంటెన్‌లాంటి బల్లపరుపు నెత్తి రాలేదు. ఎత్తుపల్లాలతో, గుండ్రటి బోడుల్లా అరిగింది. అయినా తూర్పు కనుమల్లో బల్లపరుపు కొండలు లేకపోలేదు. ఇంకా పడమటికి, కోరాపుట్ వైపు వెళ్తే పంచపట్మాలి వంటి కొండల నెత్తులు మైళ్ల కొద్దీ చదునుగా ఉంటాయి. అక్కడ పని చేసింది వేరే మాయ. వానా వేడీ కోట్ల ఏళ్ల పాటు ఖొండలైట్‌లోని సిలికాను కడిగేసి అల్యూమినాను మిగిల్చాయి. అలా తయారైన బాక్సైట్ గట్టి టోపీలా కొండ నెత్తిన కూర్చుంది. నాల్కో సంస్థ దామన్‌జోడి అల్యూమినా ఫ్యాక్టరీ నడిచేది ఆ టోపీ మీదే. కొండ ఆకారం చూసి దాని కింద ఏ ఖనిజం ఉందో ఊహించే విద్య ఈ కనుమల్లో బాగానే పనికొస్తుంది.

ఖొండలైట్‌కు ఒక గుణం, అదే దాని దోషం కూడా. ఉలికి సులువుగా లొంగుతుంది, గాలివానకూ అంతే సులువుగా లొంగుతుంది. పూరీ జగన్నాథాలయానికీ, కోణార్క సూర్యాలయానికీ ఈ రాయినే విరివిగా వాడారు. కోణార్కలో సముద్రపు ఉప్పుగాలికి రాయిలోని ఫెల్డ్‌స్పార్ మెత్తని మట్టిగా మారిపోయి శిల్పాల ముక్కూచెవులూ కరిగిపోతుంటే, బ్రిటిష్ వారు 1903లో జగమోహనం (గర్భగుడి ముందరి మండపం) లోపల ఇసుక నింపి తలుపులు మూసేశారు. ఆ రెండు గుళ్లనూ కట్టించిన గంగ రాజుల ఇలవేలుపు ఉన్నది మహేంద్రగిరి మీదే. రాయికీ రాజులకూ ఉన్న ఈ చుట్టరికం గురించి చరిత్ర పాఠాల్లో పెద్దగా చెప్పరు.

విజయనగరం జిల్లాలో ఈ రాళ్ల మధ్య ఇంకో నిధి దొరికింది. దేశంలో మాంగనీసు తవ్వకాలు మొదలైంది 1890ల తొలినాళ్లలో ఆ ప్రాంతంలోనే. అక్కడి కోడూరు గని పేరు మీదుగా ఎల్.ఎల్. ఫెర్మర్ అనే భూవిజ్ఞాని ఒక శిలకు కోడురైట్ అని నామకరణం చేశాడు. ఆ తర్వాత గరివిడి, చీపురుపల్లి పేర్లు దేశమంతా మారుమోగాయి.

అరిగిన కొండ ఎక్కడికి పోతుందో చూడాలంటే తీరానికి వెళ్లాలి. ఏళ్లు మోసుకొచ్చిన గార్నెట్, సిల్లిమనైట్, ఇల్మనైట్, మోనజైట్ రేణువుల్ని అలలు ఏరి, తేలికైన ఇసుకను వెనక్కి లాక్కుని, బరువైనవాటిని ఒడ్డున వదిలేస్తాయి. భావనపాడు, కళింగపట్నం తీరాల్లో ఇసుక ఎర్రగా, నల్లగా చారలు కట్టి ఉండేది అందుకే.

మహేంద్రగిరి నుంచి పుట్టే ఏళ్ల విషయంలో బయటివాళ్లు తికమకపడుతుంటారు. మహేంద్రతనయ అనే పేరుతో రెండున్నాయి. ఒకటి తూర్పు వాలు నుంచి దిగి, మధ్యలో రాష్ట్రాల సరిహద్దు దాటి, బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఇంకోటి పడమటి వైపు దిగి పర్లాకిమిడి పక్కగా పారి, గొట్టా బ్యారేజీకి ఎగువన వంశధారలో కలిసిపోతుంది. తండ్రి ఒకడే కాబట్టి ఇద్దరు కూతుళ్లకూ ఒకే పేరు పెట్టారు, దారులు మాత్రం వేరు. మెళియాపుట్టి మండలం చాపర దగ్గర రెండో మహేంద్రతనయ నీళ్లు మళ్లించి, పలాస మండలం రేగులపాడులో నిలవ చేసే ఆఫ్‌షోర్ రిజర్వాయరు కోసం రైతులు ఎదురుచూడటం మొదలుపెట్టి చాలా ఏళ్లయింది.

సముద్రం నుంచి వచ్చే తడిగాలికి మొదట అడ్డం పడేది ఈ కొండే. అందుకే మేఘాలు ఇక్కడ ఖాళీ అవుతాయి. దాని మంచీ చెడ్డా రెండూ కింది ఊళ్లవే. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. ఉద్దానం అని పిలిచే ఈ తీరపు తోటల సీమలో కొబ్బరి చెట్లు నేలకొరిగాయి, జీడితోటలు వేళ్లతో సహా లేచిపోయాయి. జనం చాలాకాలం గాలి గురించే మాట్లాడుకున్నారు కానీ ప్రాణాలు ఎక్కువగా తీసింది వాన. కొండల మీద కుండపోతగా కురిసిన నీళ్లతో వంశధారా, మహేంద్రతనయా ఒక్కసారిగా ఉప్పొంగాయి. గజపతి జిల్లా బరఘర గ్రామం దగ్గర కొండచరియ విరిగిపడి, తలదాచుకున్న పదిమందికి పైగా గిరిజనులు చనిపోయారు. ఖొండలైట్ అరిగి ఎర్రమట్టిగా మారిన వాలుల్లో, చెట్ల వేళ్ల పట్టు తగ్గిన చోట, నీళ్లు నిండిన మట్టి ఒక్కసారిగా జారుతుంది.

ఇక చరిత్ర. పురాణాల్లో సప్త కులపర్వతాలు అని లెక్కపెట్టేటప్పుడు మొదట వచ్చే పేరు మహేంద్రం. ఆ తర్వాతే మలయ, సహ్య, వింధ్య వగైరా. పరశురాముడు క్షత్రియ సంహారం చాలించి, గెలిచిన భూమిని దానం చేసి, తపస్సుకు వచ్చింది ఇక్కడికే అంటారు. భారతంలో తీర్థయాత్రకు బయల్దేరిన పాండవులు మహేంద్రగిరి వచ్చి పరశురాముణ్ని దర్శించుకుంటారు. హనుమంతుడు లంకకు ఎగిరిన మహేంద్రగిరి మాత్రం ఇది కాదు, తమిళనాడు దక్షిణ కొసన ఉన్న ఇంకో కొండ. ఇస్రో వారి రాకెట్ ఇంజన్ల పరీక్షాకేంద్రం ఉన్నది దాని దగ్గరే. పేరు ఒకటే కావడంతో సోషల్ మీడియాలో ఈ రెంటినీ కలిపేసి రాసేవాళ్లకు కొదవలేదు.

కాళిదాసు రఘువంశంలో దిగ్విజయానికి బయల్దేరిన రఘువు కళింగానికి వస్తాడు. ఏనుగుల బలంతో ఎదిరించిన కళింగరాజును ఓడించి, సంపద మాత్రం తీసుకుని రాజ్యం తిరిగి ఇచ్చేస్తాడు. యుద్ధం గెలిచిన సైనికులు మహేంద్రగిరి మీద పానశాలలు ఏర్పాటు చేసుకుని, తమలపాకుల్లో కొబ్బరి కల్లు పోసుకుని తాగారని కవి వర్ణించాడు. ఉద్దానం కొబ్బరికి ఇంతకన్నా పాత సర్టిఫికెట్ ఎక్కడ దొరుకుతుంది?

కావ్యాల్ని వదిలి రాగిరేకుల్లోకి వస్తే మాట మరింత గట్టిపడుతుంది. తూర్పు గంగ రాజులు క్రీ.శ. 498లో మొదలైన తమ సొంత శకంతో కాలం లెక్కపెట్టుకున్నారు. కళింగనగరం నుంచి వాళ్లు ఇచ్చిన దానశాసనాల్లో రాజు పేరుకు ముందు గోకర్ణస్వామి పాదపద్మాలకు మొక్కు ఉంటుంది. ఆ స్వామి నెలవు మహేంద్రాచల శిఖరమని చాలా శాసనాలు చెబుతాయి. వంశధార ఒడ్డున ఉన్న నేటి శ్రీముఖలింగమే ఆ కళింగనగరమని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. అనంతవర్మ చోడగంగ దేవుడు 1118లో వేయించిన విశాఖపట్నం శాసనంలో వంశకథ ఇంకా రసవత్తరంగా ఉంది. కామార్ణవుడు నలుగురు తమ్ముళ్లతో తూర్పుకు వచ్చి, మహేంద్రగిరి ఎక్కి గోకర్ణస్వామిని కొలిచి, నంది చిహ్నం వరంగా పొంది, కొండ దిగి బాలాదిత్యుణ్ని గెలిచి కళింగాన్ని పట్టాడట. ఇందులో చరిత్ర ఎంతో, పొగడ్త ఎంతో తేల్చడం కష్టం. అయితే రాజ్యాధికారం కావాలంటే ఆ కొండ ఎక్కి మొక్కాల్సిందేనని ఆనాటి జనం నమ్మినట్టు మాత్రం దీన్నిబట్టి తేలుతుంది.

ఆ నమ్మకం శత్రువులకూ తెలుసు. 11వ శతాబ్దంలో తంజావూరు చోళులు ఉత్తరానికి దండెత్తి వచ్చినప్పుడు, రాజేంద్ర చోళుని సేనాని విమలాదిత్యుడనే రాజును ఓడించి మహేంద్రగిరి మీద జయస్తంభం నాటించాడు. ఆ సంగతి చెప్పే శాసనాలు సంస్కృతంలో, తమిళంలో గుడి రాళ్ల మీద చెక్కి ఉన్నాయి. పక్కనే చోళుల పులి, దానితో పాటు పాండ్యుల నుంచి గెలుచుకున్న జంట చేపలు. కావేరి ఒడ్డు నుంచి వచ్చినవాళ్లు విజయచిహ్నం నాటడానికి కింద ఊళ్లు ఎన్నో ఉండగా ఈ శిఖరాన్నే ఎంచుకున్నారు. కళింగుల గుండె ఎక్కడుందో వాళ్లకు బాగా తెలుసు.

శిఖరం మీద, చుట్టుపక్కలా ఉన్న గుళ్లను జనం పాండవుల పేర్లతో పిలుస్తారు. భీముడి గుడి చిన్నది, కానీ చూసినవాళ్లు మరిచిపోరు. మనుషులు ఎత్తలేనంత పెద్ద రాతిదిమ్మెల్ని ఒకదాని మీద ఒకటి పెట్టి, అలంకారాల జోలికి పోకుండా కట్టేశారు. భీముడు తప్ప ఇంకెవరు ఎత్తి ఉంటారని ఊరివాళ్లు అడిగితే జవాబు చెప్పడం కష్టమే. ధర్మరాజు గుడి, కుంతి గుడి కొంచెం చెక్కడంపనితో నాజూగ్గా ఉంటాయి. శివరాత్రికి ఒడిశా, ఆంధ్ర రెండు వైపుల నుంచీ జనం ఎక్కుతారు. ఆ రాత్రి కొండ మీద ఒడియా, తెలుగు, సవర భాషలు మూడూ వినిపిస్తాయి.

వాటిలో సవర భాషది ప్రత్యేక స్థానం. అది తెలుగులా ద్రావిడ భాష కాదు, ఒడియాలా ఆర్య భాషా కాదు. ముండా కుటుంబానికి చెందినది. ఈ కొండల్లో పోడు చేసుకుని బతికే సవరల మాట నేర్చుకోవడానికి నడుం కట్టిన తెలుగు బడిపంతులు గిడుగు వెంకట రామమూర్తి. ఆయన 1863లో శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ ముఖలింగం శాసనాలు చదవడం సొంతంగా నేర్చుకున్నారు. సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని భాష పట్టుబట్టి సాధించారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వచ్చాయి. వాడుక తెలుగు కోసం ఆయన చేసిన పోరాటం అందరికీ తెలుసు. బడిపిల్లలకు ఇంట్లో మాట్లాడే భాషలోనే చదువు చెప్పాలన్న ఆయన పట్టుదల కొండమీది సవరల బిడ్డలకూ వర్తించిందన్న సంగతి అంతగా గుర్తుండదు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి పట్నం, దానితో పాటు మహేంద్రగిరి అటు వెళ్లాయి. మందస, టెక్కలి, సోంపేట ఇటు మద్రాసు రాష్ట్రంలో ఉండిపోయాయి. తెలుగువారు చాలామంది ఉన్న పర్లాకిమిడి ఒడిశాలో కలవడం గిడుగువారికి మింగుడుపడలేదు. ఆ వయసులో ఇల్లు వదిలి రాజమండ్రి వచ్చేశారు. 1940లో కన్నుమూశారు. మనిషి అలా తరలి రాగలిగాడు, కొండ మాత్రం ఇప్పటికీ ఒక కాలు అక్కడా, నీడ ఇక్కడా పెట్టుకుని ఉంది.

ఒడిశా ప్రభుత్వం 2022లో దీన్ని జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. సిమిలిపాల్ తర్వాత ఆ రాష్ట్రంలో ఇది రెండోది. గజపతి, గంజాం జిల్లాల్లో 4,70,955 హెక్టార్ల మేర విస్తరించి ఉంది. ఔషధ మొక్కల విషయంలో ఈ కొండకు ఎప్పటినుంచో పేరుంది. సరిహద్దుకు ఇటువైపు వాలులకు మాత్రం ఆ హోదా వర్తించదు. అడవి, ఏనుగు, ఏరు ఈ మూడింటికీ సరిహద్దు రాళ్లు కనబడవు గనక రెండు ప్రభుత్వాలూ ఒక బల్ల దగ్గర కూర్చోక తప్పదు. వంశధార నీళ్ల పంపకానికే ట్రిబ్యునల్ దాకా వెళ్లిన చరిత్ర ఉంది కాబట్టి ఆశ కొంచెం తక్కువే.

చూడాలనుకునేవాళ్లకు శీతాకాలం మంచిది. ఒడిశా వైపు నుంచి కొయిన్‌పూర్ మీదుగా శిఖరం సమీపం దాకా వాహనాలు వెళ్తాయి. అటు కొండల్లోనే చంద్రగిరి, జిరంగ్ ఊళ్లున్నాయి. 1960ల నుంచి అక్కడ టిబెటన్ శరణార్థులు స్థిరపడ్డారు. 2010లో దలైలామా ప్రారంభించిన పెద్ద బౌద్ధవిహారం కూడా అక్కడుంది. మందస వైపు నుంచి నడకదారులున్నాయి కానీ అడవి దారి కాబట్టి ఊరివాళ్ల తోడు లేకుండా ఎక్కకూడదు. పైన నీళ్లు దొరుకుతాయని నమ్మకం పెట్టుకోవద్దు. మధ్యాహ్నానికి మబ్బు దిగేలోపు శిఖరం చేరినవాళ్లకు తూర్పున పచ్చటి ఉద్దానం, దాని అవతల తెల్లటి అలల గీత, పడమట వరుసలు వరుసలుగా కొండలు కనిపిస్తాయి. కిందికి దిగాక మందసలో కోవా తినకుండా రావడం ఎవరికీ సాధ్యపడదు. అక్కడి వాసుదేవ పెరుమాళ్ గుడి చెక్కడం కూడా చూసే ఓపిక మిగిలితే, చార్నకైట్‌నో ఖొండలైట్‌నో గుర్తుపట్టగలరేమో ఆ గోడల మీదే ప్రయత్నించవచ్చు.